ఊయలకు ఎక్కువైన నూనె

ఆ వీధిలో వడ్రంగి అసలు పేరు చాలామందికి తెలియదు. అందరికీ ఆయన తుడుపు మేస్త్రి. చెక్కకు అవిసె నూనె పట్టించి, కాసేపు ఆగి, మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేదాకా ఊరుకోడు. "దాహం తీరాక కూడా తాగిస్తే చెక్క కక్కేస్తుంది" అంటాడు. వార్నిషు పూసిన రోజుల్లో ఆ ఘాటుకు సాయంత్రానికి తల పగిలిపోయేది; ఈ అవిసె గింజల నూనెకు మారాక ఆ బాధ తప్పింది. నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయని, ఒక్కొక్కటీ తీగ మీద పరిచి ఆరేస్తాడు.

అంతటి మనిషీ మనవరాలికి తానే చేసిన ఊయల దగ్గర చెయ్యి ఆపుకోలేకపోయాడు. పళ్లొస్తున్న పిల్ల, ఏది దొరికితే అది కొరుకుతోంది. అందుకని, త్వరగా ఆరడానికి మందులు కలిపిన నూనె కాకుండా, ఏమీ కలపనిదే తెచ్చాడు. ముద్దుకొద్దీ పూత మీద పూత వేశాడు. తుడవడానికి మనసొప్పలేదు.

వారమైనా ఊయల జిగురే.

"చంటిపిల్లకు అన్నం కుక్కినట్టు కుక్కారు. ఊరందరికీ చెప్తారుగా, తుడవమని" అంది భార్య.

"నేను వెళ్లేలోపు ఆరుతుందా నాన్నా? లేకపోతే కొట్లో మెరిసేదొకటి ఆయన చూసిపెట్టారు" అంది కూతురు. పుట్టింటికి వచ్చిన ఆమె ఇంకా మూడు వారాలుంటుంది.

మేస్త్రి ఆ పూటే పనిలోకి దిగాడు. పాత జిగురు కొత్త నూనెకే కరుగుతుందని, గరుకు గుడ్డను అందులో తడిపి, జిగురంతా రుద్ది వదిలించి, శుభ్రంగా తుడిచాడు. పగలంతా గాలికి పెట్టేవాడు. సాయంత్రం తెల్ల చేతిరుమాలు అద్ది చూసేవాడు. మరక రోజురోజుకూ పలచబడింది.

ప్రయాణం రోజు అల్లుడు కారు తెచ్చాడు. ఒక్క కింది మూల మాత్రం రుమాలుకు ఇంకా లేతగా అంటుతోంది.

"అదెవరికి కనిపిస్తుంది మామయ్యా, ఎక్కించేద్దాం."

ఊరుకుంటే ఊయల వెళ్లిపోయేదే.

"వద్దు బాబూ. పిల్ల నోరు ముందు ఆ మూలకే వెళ్తుంది. ఇంకో వారం పడుతుంది. ఆగలేకపోతే కొట్లోదే కొనుక్కోండి" అన్నాడు, నేల చూస్తూ.

కూతురు భర్త వంక చూసింది. అతను నవ్వి, కార్లో ఎక్కించిన ఆమె పెట్టె దించాడు.

"వారమేగా. తల్లీకూతుళ్లిద్దరూ ఇక్కడే ఉంటారు. మీరు మాత్రం ఇంకో చుక్క పొయ్యకండి."

"ఆ భయం లేదు బాబూ" అంది అత్తగారు లోపల్నుంచి. "సీసా నా దగ్గరుంది."