గోదాం అవ్వ కత్తెర

నా చిన్నప్పుడు అమీర్‌పేటలో ఇన్ని కోచింగ్ సెంటర్ల బోర్డులు లేవు, నెత్తిమీద మెట్రో లేదు, మాకు కప్పుకోవడానికి బొంత కూడా లేదు. మొదటి రెండూ చెబితే మా మనవరాలు నమ్ముతుంది. మూడోది చెబితే మాత్రం హైదరాబాదులో బొంతెందుకు నానమ్మా అని నవ్వుతుంది. రేకుల షెడ్డులో గోనెపట్టా మీద ఒక్క డిసెంబరు గడిపితే ఎందుకో తెలుస్తుంది.

మేము బర్మా నుంచి వచ్చిన కాందిశీకులం. రంగూన్‌లో మా నాన్నకు బట్టల కొట్టు ఉండేది. అక్కడి ప్రభుత్వం కొట్లన్నీ తీసేసుకుంది. ఆ దిగులుతోనే నాన్న పోయాడు. అమ్మ నన్నూ, మూడేళ్ల తమ్ముణ్నీ తీసుకుని ఓడ ఎక్కింది. మా తాతల ఊళ్లో మమ్మల్ని ఎరిగినవాళ్లెవరూ మిగల్లేదు. ఎవరో చెబితే హైదరాబాదు వచ్చి, మాలాంటి పది కుటుంబాలు తలదాచుకున్న అమీర్‌పేట షెడ్డులో చేరాము. నాకప్పుడు తొమ్మిదేళ్లు. చలికి తమ్ముడికి దగ్గు పట్టుకుంది. ఎంతకీ తగ్గేది కాదు.

పంజగుట్టలో లూథరన్ చర్చివాళ్ల సహాయ సంస్థ ఒకటి గోదాం పెట్టింది. ఎక్కడో విదేశాల్లో చర్చి ఆడవాళ్లు రంగురంగుల గుడ్డముక్కలు అతికి కుట్టిన బొంతలు, బేళ్లకొద్దీ ఓడల్లో అక్కడికి వచ్చేవి. కాందిశీకులకు ఇంటికొకటి ఇస్తారని తెలిసి మేమూ వెళ్లి వరసలో నిలబడ్డాం. మా వంతు వచ్చినప్పుడు అమ్మ ముందు బొంత అంచు తిరగేసి, కుట్టు మీద వేలు పెట్టి చూసింది. పదేళ్లు కొట్టులో కుట్టిన చెయ్యి, ఊరుకోదు కదా. ఈలోగా గుమాస్తా రిజిస్టరు తెరిచి సిరా మెత్త ముందుకు జరిపాడు.

"జర వేలు గీడ పెట్టమ్మా."

ఆయనలో చెడ్డతనమేం లేదు. పొద్దుటినుంచి వచ్చినవాళ్లందరి వేళ్లూ ముంచి ముంచి అలవాటైపోయింది. కానీ మా అమ్మకు తెలుగూ, బర్మా భాషా రెండూ చదవడం, రాయడం వచ్చు. ఆ సిరా మెత్త వైపు ఒకసారి చూసి, బొంతను నీటుగా మడిచి బల్ల మీద పెట్టేసి, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. దారంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఇంకోసారి అక్కడికి వెళదామంటే కాళ్లు విరగ్గొడతానంది. తన రెండో చీర కూడా తమ్ముడికే చుట్టింది. వాడి దగ్గు వింటుంటే నాకు అమ్మ మీద పట్టరానంత కోపం వచ్చేది.

ఆ గోదాంలో బేళ్లు విప్పి సర్దే పెద్దావిడ ఒకామె ఉండేది. అందరూ గోదాం అవ్వ అనేవాళ్లు. అమ్మ అంచు తిరగేసి చూడటం ఆవిడ కంట పడినట్టుంది. నాలుగో రోజు ఐదు బొంతలు నెత్తిన పెట్టుకుని మా షెడ్డుకు వచ్చింది. ఓడలో తడిసి కుట్లు ఊడాయని, ఇలాంటివి ఎవరికీ ఇవ్వడానికి లేదని, కుట్టేవాళ్లు దొరక్క ఛస్తున్నానని అమ్మ ముందు కూలబడి వాపోయింది. ఐదు బాగుచేస్తే అందులో ఒకటి కుట్టినవాళ్లదట, గోదాం పద్ధతే అంతట. అమ్మ అంచులు తిరగేసి చూసింది. పక్కవాళ్లను అడిగి సూది తెమ్మని నన్ను పంపింది.

మూడోనాటికి తమ్ముడు బొంతలో ముడుచుకుని హాయిగా నిద్రపోయాడు. దగ్గు మెల్లగా తగ్గింది. నెల తిరిగేసరికి షెడ్డులో ఆడవాళ్లందరూ అమ్మ చుట్టూ కూర్చుని కుడుతున్నారు, అమ్మ ఒక్కొక్కరి కుట్టుకూ వంకలు పెడుతోంది. నాన్న పోయాక ఆ గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి.

కుట్టినవి అప్పజెప్పడానికి నేనే పంజగుట్ట వెళ్లేదాన్ని. ఒకరోజు గోదాం తలుపు తోసేసరికి, అవ్వ కింద కూర్చుని, కొత్త బొంత ఒళ్లో వేసుకుని, కత్తెరతో అంచు కుట్లు కోస్తోంది. నన్ను చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ వేళ్లు పుళ్లు పడేలా కుడుతుంటే ఈవిడ ఇంత మోసం చేస్తుందా అనుకున్నాను. తిన్నగా వెళ్లి గుమాస్తాకు చెప్పేశాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చి అమ్మకూ చెప్పాను. అమ్మ చేతిలో సూది ఆగిపోయింది. కొడుతుందనే అనుకున్నాను, కొట్టలేదు. జుట్టు ముడేసుకుని, పద అంది.

మేము వెళ్లేసరికి గోదాంలో సంస్థ పెద్ద కూర్చుని ఉన్నాడు. విదేశీ దొరే కానీ గుంటూరు వైపు ఎన్నో ఏళ్లున్నవాడు, తెలుగు బాగా వచ్చు. సముద్రాలు దాటి వచ్చిన వస్తువును పాడుచేసినందుకు అవ్వను పనిలోంచి తీసేసే మాట నడుస్తోంది. అవ్వ కోశానని ఒప్పుకుంది తప్ప, ఎందుకు కోసిందో మాత్రం చెప్పడం లేదు. చెబితే మా అమ్మ పరువు పోతుందని ఆవిడ నోరు కట్టేసుకుందని నాకు పెద్దయ్యాకే అర్థమైంది. అమ్మ నేరుగా దొర ముందుకు వెళ్లి నిలబడింది.

"కోసిన సంగతి నాకు మొదటి రోజే తెలుసండీ. తడికి నానిన దారం పీచుపీచుగా ఊడుతుంది. ఇది కత్తెర పడ్డ దారం. ఊరికే ఇస్తే నేను తీసుకోనని ఈవిడ కోసింది, తెలిసే నేను కుట్టాను. ఈవిణ్ని తీసేయడం కాదు, మాకు కొత్త గుడ్డ ఇప్పించండి. ఈవిడకు కోసే పని తప్పుతుంది."

దొర ఒక బొంత అందుకుని, అమ్మ కుట్టిన అంచును రెండు చేతులా పట్టి లాగాడు. ఊడలేదు. ఇంకా గట్టిగా లాగాడు. ఊహూఁ. పక్కనున్న పాత అంచు లాగితే పుటుక్కుమంది. అప్పుడు నవ్వాడు చూడండి, గుమాస్తా కూడా నవ్వక తప్పలేదు. అవ్వ మాత్రం అమ్మ వైపు నోరు తెరిచి చూస్తోంది.

"నీకు ఎర్కనేనా బిడ్డా? జర ముందుగాల చెప్తే నా చేతులు నొయ్యకపోతుండె గదా."

నేను ఆవిడ ముఖం చూడలేక అమ్మ వెనక దాక్కున్నాను. ఆవిడే నన్ను ఇవతలికి లాగి, కళ్లు ఆనడం లేదంటూ సూదీ దారం నా చేతిలో పెట్టింది. నేను ఎక్కించి ఇచ్చాను. తిట్టడం అంతటితో అయిపోయింది.

ఆ వారమే మిల్లు గుడ్డ మా షెడ్డుకు వచ్చింది. ఎండాకాలం దాటేసరికి మా ఆడవాళ్లు కుట్టిన బొంతలు బేళ్లుగా కట్టారు. ఇంకో సరిహద్దు దాటి వచ్చిన ఎవరో కాందిశీకుల కోసం వాటిని లారీకి ఎత్తారు. పంజగుట్ట రోడ్డు మీద ఆ లారీ కదులుతుంటే షెడ్డు షెడ్డంతా పెళ్లివారిని సాగనంపినట్టు వచ్చి నిలబడింది. మొన్నటిదాకా చలికి వణికినవాళ్లం, ఇప్పుడు ఇచ్చేవాళ్లలో మేమూ ఉన్నాం. అమ్మ ఆ రోజు ఏడ్చింది. అది దుఃఖం కాదని తొమ్మిదేళ్ల పిల్లకు కూడా తెలిసింది.

బర్మా నుంచి వచ్చాక మీకేం కావాలని మమ్మల్ని అడిగినవాళ్లు చాలామంది. మా అమ్మకు ఏం వచ్చో చూసింది ఆ అవ్వ ఒక్కతే. మొన్న మధురానగర్‌లో మా ఇంటి గుమ్మంలోకి, పరాయి దేశం నుంచి పారిపోయి వచ్చిన ఒకామె పిల్లాణ్ని ఎత్తుకుని సాయం అడుగుతూ వచ్చింది. బియ్యం తేవడానికి లేచిన దాన్ని, ఆగి, కూర్చోబెట్టి, నాకు వచ్చిన హిందీలో నీకు ఏం పని వచ్చమ్మా అని అడిగాను. అప్పటిదాకా నేల చూస్తున్న మనిషి తల ఎత్తింది.