మా వియ్యంకుడి డాలర్లో వెండి ఎంత?

మా వియ్యంకుడు గారు పోయారన్న కబురు నాకు సంతలో తెలిసింది. ఆదివారం పొద్దున గడ్డిమైదానంలో పాత సామాన్లు పరుచుకుని అమ్మే సంత అది. నేనక్కడ ఒక ఖాళీ ప్లాస్టిక్ పెట్టె కోసం బేరమాడుతున్నాను. ఫోన్లో మా అమ్మాయి, "నాన్నా, మామయ్యగారు హాస్పిటల్లో... ఇందాకే..." అని ఆగిపోయింది. నేను "ఆఁ, ఆఁ" అంటూనే రెండో చేత్తో వేళ్లు చూపించి పెట్టె ధర ఇంకో డాలరు దించాను. ఆ తరవాత గానీ మాట చెవిలోంచి లోపలికి దిగలేదు.

ఆ పెట్టె ఆయన్ని ఓడించడానికే. పోయిన మనిషి గురించి రాస్తూ ఇలా మొదలుపెట్టడం మర్యాద కాదు. కానీ ఆ పెట్టె నా చేతిలో ఉండగానే ఆయన పోయారు. ఇంకోలా మొదలుపెట్టాలంటే అబద్ధం రాయాలి.

ఈ సంగతి అర్థం కావాలంటే ముందు డాలరు కథ చెప్పాలి. ఆస్ట్రేలియాలో మనం చిల్లరగా వాడే డాలరు బిళ్ళ కాదు. ఆ పసుపు బిళ్ళలో వెండి వెతకడం పిండిమరలో తడి వెతకడమే. ఆయనది అమెరికా వాళ్లు ఒకప్పుడు పోసిన పెద్ద డాలరు, చేగోడీ అంత వెడల్పు. మేముండే ఈ క్రెయిగీబర్న్ పేటకి వచ్చిన కొత్తలో అదే సంతలో కొన్నారు. దానితో ఒక చిక్కుంది. ఒకే బొమ్మతో రెండు రకాలు పోశారు. ఒకదాంట్లో నూటికి నలభై పాళ్లు వెండి. రెండోదాంట్లో వెండి ఊసే లేదు, రాగి మీద నికెల్ పూత. బొమ్మ చూస్తే తేడా తెలియదు. అంచు చూడాలి, రాగిదైతే చుట్టూ ఎర్రగీత కనిపిస్తుంది. లేదా తూచాలి, వెండి కలిపినది రెండు గ్రాములు ఎక్కువ తూగుతుంది. ఆయన డాలరేమో అంచు కనపడకుండా బిగించిన ప్లాస్టిక్ పెట్టెలో ఉంది. ఆయన అది విప్పనివ్వరు.

"పూర్తి వెండి బావగారూ" అనేవారాయన.

"సత్తు రూపాయి" అనేవాణ్ణి నేను.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తరవాతదంతా మా ఊరి సినిమా హాల్లో నేను నేల టికెట్లు అమ్మిన కిటికీ నేర్పింది. ఆ కిటికీకి నా మొహంకన్నా చిన్న కన్నం ఉండేది. అందులోంచి చెయ్యి వచ్చేది గానీ మనిషి కనిపించేవాడు కాదు. బిళ్ళని చెక్క మీద మోగిస్తే చాలు, చెయ్యి ఎలాంటివాడిదో చెప్పేవాణ్ణి. ఒకసారి మా హాలు యజమాని బావమరిది ఇచ్చిన బిళ్ళనే చెల్లదని వెనక్కి తోశాను. ఆ కథ ఇప్పుడెందుకులెండి, ఆ దెబ్బకి నెల రోజులు గేటు దగ్గర నిలబడ్డాను. ఈ దేశానికి వచ్చాక బిళ్ళ మోగించడానికి చెక్క లేదు, నా కథలు వినే చెవీ లేదు. మనవలు "ఓకే తాతా" అని ఫోన్లోకి వెళ్లిపోతారు. వినడానికి దొరికింది ఆయనొక్కరే.

ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. పొద్దున్నే మా అమ్మాయి కారు వెనక్కి తీస్తుంటే ఆయన డ్రైవ్‌వే చివర నిలబడి, అటూ ఇటూ చూసి, ఆకుపచ్చ వంటింటి తువ్వాలు ఊపేవారు. అది ఊపేదాకా అమ్మాయి కదిలేది కాదు. అన్నం తినేముందు అందరి కంచాల్లోకీ ఒకసారి చూసి, ఆఖరి కంచంలో కూర పడ్డాకే కలుపుకునేవారు. ఆయన గొంతు పెంచడం నేనెరగను.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను రెండు వీధులు నడిచి వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. గరాజులో రెండో ఫ్రిజ్ పక్కన ఆయన నిలబడి ఉండేవారు. నడుం నొప్పి, కూర్చుంటే లేవలేరు.

"ఏంది బావగారూ, ఈ వారం కొత్త వాదన ఏమన్నా తెచ్చినారా?"

"వాదన ఎందుకండీ, స్క్రూడ్రైవర్ తెచ్చాను."

"గాలి తగిలితే నల్లబడతాది."

"నల్లబడితే వెండి, చిలుము పడితే రాగి. ఏదో ఒకటి తేలిపోతుంది కదా!"

"కావాలంటే డబ్బాతో తూచుకోండి."

"డబ్బా బరువెంతో ఎలా తెలుస్తుంది?"

"అది మీరు కనుక్కోవాల."

కనుక్కుందామనే ఆ రోజు సంతకి వెళ్లాను. అచ్చం అలాంటి పెట్టె, ఖాళీది, తూచి ఆ బరువు తీసివెయ్యడానికి.

ఒక్కసారి మాత్రం ఆయన నవ్వకుండా అన్నారు: "విప్పితే ఇద్దరిలో ఒకరం ఓడిపోవాల. ఆ పై ఆదివారం ఏం మాట్లాడుకుంటాం? మోకాళ్ల గురించా?"

నేను ఆడపిల్ల తండ్రిని. మా తాతల నాడైతే వియ్యంకుడి ఎదుట కుర్చీ లాక్కోవడానికి కూడా జంకేవారు. నేనేమో వాళ్లింటికి ఎవరొచ్చినా, "మా బావగారి సత్తు రూపాయి చూశారా?" అని మొదలుపెట్టేవాణ్ణి. అప్పుడు ఆయనే లోపలికి వెళ్లి, డాలరు తెచ్చి, వచ్చినవాళ్ల చేతికిచ్చేవారు. నా వేళాకోళానికి సామగ్రి ఆయనే అందించేవారు. మా అమ్మాయి వంటింట్లోకి పిలిచి, "నాన్నా, ఇది మా అత్తగారిల్లు, కాస్త తగ్గు" అని ఎన్నిసార్లు అందో. నేను తగ్గలేదు. తగ్గాల్సిన అవసరం ఆయన ఎన్నడూ రానివ్వలేదు. అదెంత పెద్ద మర్యాదో ఇప్పుడు తెలుస్తోంది. తెలిసిన కొద్దీ ఒళ్లు ముడుచుకుపోతోంది.

హాస్పిటల్లో చేరాక కొడుకుతో, అంటే మా అల్లుడితో చెప్పారట: "నా కర్మలో వెండి దానానికి నా డాలరే ఇవ్వు. బావగారు ఒప్పుకోరు. అయినా ఇవ్వు."

పదకొండో రోజున పది రకాల దానాలు ఇస్తారు, వాటిలో వెండి ఒకటి. కర్మ ఆ గరాజులోనే జరిగింది. పురోహితుడు కుర్రవాడు, వారమంతా సాఫ్ట్‌వేర్, శని ఆదివారాలు పౌరోహిత్యం. డాలరు చూసి తటపటాయించి మా అల్లుడితో అన్నాడు: "అంకుల్, నో స్ట్రెస్. నా దగ్గర చిన్న వెండి రేకు ఉంది, అది ఇచ్చేయొచ్చు. కానీ ఇదే ఇవ్వాలంటే సిల్వర్ ఉందో లేదో కన్‌ఫర్మ్ చేసుకోవాలి. లేనిది ఉందని సంకల్పం చెప్పించలేను కదా."

మా అల్లుడు నా వైపు తిరిగాడు. "మామయ్యా, మీరే చూసి చెప్పండి. ఏదైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి."

అందరూ నన్నే చూస్తున్నారు. పక్కనే ఆయన ఫోటో, దండ, దీపం. ఆ క్షణాన నా వేళ్లు ఉబలాటపడ్డాయి. ఇన్నేళ్లూ ముట్టనివ్వని పెట్టె, అడ్డం చెప్పే మనిషి లేడు! ఆ ఉబలాటం నాకు తెలిసిన మరుక్షణమే సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే పెట్టె టప్పున విరిగింది. అంచు దీపం దగ్గర పెట్టి చూశాను. ఎర్రగీత ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. నా కళ్లను నేను నమ్మను, ఆపరేషన్ అయిన కళ్లు. వంటింట్లోంచి పిండి తూచే స్కేలు తెప్పించాను. "ఇరవైమూడు చూపిస్తే రాగి. ఇరవైఐదు చూపిస్తే నలభై పాళ్ల వెండి" అని అందరికీ వినపడేలా చెప్పాను. చెప్పాక గానీ తట్టలేదు. ఇరవైమూడు వస్తే నేను గెలుస్తాను, ఆయన ఆఖరి కోరిక నలుగురి ముందూ సత్తు అవుతుంది. జీవితంలో మొదటిసారి ఓడిపోవాలని దేవుడికి మొక్కాను.

"ట్వెంటీ ఫోర్... లేదు, ట్వెంటీ ఫైవ్, మామయ్యా" అన్నాడు అల్లుడు.

"నలభై పాళ్లు బావగారూ!" నేను గావుకేక పెట్టాను. "పూర్తి వెండీ కాదు, సత్తూ కాదు! మీరూ తప్పే, నేనూ తప్పే!"

ఫోటో ఎడమవైపుంది. నేను అరిచింది కుడివైపు, ఫ్రిజ్ పక్కకి తిరిగి.

పురోహితుడు పంచాంగంలోకి తల దించుకున్నాడు. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చావింట్లో పెళ్లికేక పెట్టిన ముసలివాడు ఎక్కడ తల దాచుకోవాలి? స్కేలు కేసి చూస్తూ నిలబడ్డాను.

లోపలి గుమ్మంలోంచి చెల్లెమ్మగారి గొంతు వినిపించింది, ఆయన భార్య. "ఆయన ఒప్పుకోరు అన్నయ్యగారూ. బ్యాటరీలు మార్చి మళ్లీ తూచమంటారు."

ఎవరో నవ్వారు, తరవాత ఇంకొందరు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె నా పరువు కాపాడడానికి, భర్త పోయిన పదకొండో రోజున, ఒక హాస్యం ఖర్చుపెట్టింది.

తులసిదళం పెట్టి, నీళ్లు వదిలి, అల్లుడు డాలరు దానమిచ్చాడు. పురోహితుడు దాన్ని కారు తాళాల పక్కన జేబులో వేసుకున్నాడు.

భోజనాలయ్యాక నడిచి ఇంటికి వస్తుంటే, డాలరు పట్టుకున్న ఎడమ చేతివేళ్లకేదో వాసన. వెండికి వాసన ఉండదు, రాగికి ఉంటుంది. మిగిలిన ఆ అరవై పాళ్ల రాగీ నా వేళ్లకు అంటుకుంది. దారి పొడుగునా ముక్కు దగ్గర పెట్టుకునే వచ్చాను. ముందే కారులో వచ్చేసిన మా ఆవిడ డ్రైవ్‌వేలో తోట గొట్టం పట్టుకుని కాచుకునుంది. కర్మ ఇంటి నుంచి వస్తే తల మీద నీళ్లు పడందే గుమ్మం ఎక్కనివ్వదు. చలికి వణుకుతూ గొట్టం కింద నిలబడ్డాను. ఎదురింటి తెల్లాయన చెత్త బిన్ను లాక్కెళుతూ ఆగి చూస్తున్నాడు.

"ఆ చెయ్యేంటండీ, అలా పక్కకి చాపారు? నొప్పా?" అంది మా ఆవిడ.

"నొప్పే" అన్నాను, ఎడమ పిడికిలి తడవకుండా ఇంకాస్త దూరం చాచి.