అన్న కూర్చోవలసిన కుర్చీ

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది చిన్నదేనని చాలాకాలం అనుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా అన్న కూతురి బడిలో నేను ఆమె తండ్రిగా చలామణి అవుతున్నాను. అన్న బతికే ఉన్నాడు. దబీర్‌పురాలో అందరం ఒకే ఇంట్లో ఉంటాం.

వరుసగా చెప్తాను. నాకు అదే అలవాటు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం.

అన్న లక్క గాజులు చేసి, వాటికి రాళ్లు అద్దుతాడు. పాపకు నాలుగేళ్లప్పుడు, మూసీకి అవతల విదేశీ సిలబస్ చెప్పే బడిలో చేర్చాలనుకున్నాడు. అక్కడ పిల్లతోపాటు తల్లిదండ్రులతోనూ మాట్లాడి సీటిస్తారు. వదిన రెండో కాన్పుకు పుట్టింట్లో ఉంది. తండ్రి ఒక్కడు వచ్చినా చాలన్నారు. అన్న ఇంగ్లీషులో నాలుగు ముక్కలు బట్టీ పట్టాడు. రాళ్లు అద్దుతూ వాటినే గొణుక్కుంటుంటే పక్కవాళ్లు నవ్వేవాళ్లు.

ముందురోజు బడికి ఫోన్ చేసింది నేను. తండ్రికి ఇంగ్లీషు అంతగా రాదన్నాను. తెలుగులోనే మాట్లాడమనండి, పాపతో ఆయన ఎలా ఉంటారో చూడాలి, అంతే అంది అవతలి ఆమె.

ఇంటికి వచ్చి అన్నకు చెప్పింది వేరు. ఇంగ్లీషు రాని తండ్రి కూర్చుంటే సీటు రాదన్నారని చెప్పాను.

అన్న నవ్వాడు. "అయితే నువ్వే కూసో. నా పేరు వెట్టుకో. పేరుకైతే ఇంగ్లీషు రాకున్నా నడుస్తది గదా."

కూర్చున్నాను. దరఖాస్తులో తండ్రి ఫొటో ఉండాల్సిన చోట నాది అంటించాను.

ఎందుకు? సీటు పోతుందనా? ఆ భయం ఫోన్‌లోనే తీరిపోయింది కదా. నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజనీరింగ్ మొదటి ఏడాది లేచి ప్రశ్న అడిగితే వెనక బెంచీలు నవ్వేవి, ఆ నవ్వు చెవిలోంచి పోవడానికి నేను నా నాలుకను, నా నడకను, ఆఖరికి భోజనం చేసే పద్ధతిని కూడా మార్చుకున్నాను. బడిలోని ఆ అద్దాల గదిలో అన్న లక్క మరకల వేళ్లతో కూర్చుని మా ఇంటి తెలుగు మాట్లాడితే, తోడుగా వెళ్లిన నేను ఎక్కడివాడినో అందరికీ తెలిసిపోతుంది. అదీ నా భయం. విదేశీ సిలబస్ ఉన్న ఆ బడికి మా తెలుగుతో ఇబ్బంది లేదు. ఇబ్బంది నాది.

ఒక్కరోజు పని అనుకున్నాను. కానీ ప్రతి సమావేశానికీ తండ్రి కావాలి. మరిది పక్కన భార్యలా కూర్చోలేనని వదిన మొహం మీదే చెప్పింది, ఒక్కసారీ రాలేదు. పాపకు ఆటలా నేర్పాను: బడిలో నేను డాడీని, ఇంట్లో బాబాయిని. ఇంట్లో తండ్రిని పిలిచే 'బాపు' మాట బడి దాకా రాకూడదు. త్వరగానే నేర్చుకుంది. నాకు సంబంధాలు వస్తున్నాయి. పెళ్లైతే బడిలో ఏమని చెప్పాలో తెలియక ఏదో వంక పెడుతున్నాను.

పోయిన నెల బడిలో 'మన సంస్కృతి' రోజు జరిపారు. ఏడాదంతా వేరే దేశపు పాఠాలు, ఆ ఒక్కరోజు మన చేతిపనులు. గాజులు చేసేవాళ్లు ఎవరైనా తెలుసా అని టీచర్ పాపను అడిగింది. నేను వేరేవాళ్లను చూస్తానన్నాను. అన్న వినలేదు. "ఎవర్నో ఎందుకురా, నేనొస్త. ఒక్కసారన్న లోపల ఎట్లుంటదో చూస్త."

ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బొగ్గుల మీద లక్కను మెత్తబరిచి గాజు చుట్టాడు. అతిథిని పరిచయం చేసే పని పాపకే ఇచ్చారు. మా వీధిలో ఉంటారని ఇంగ్లీషులో చెప్పింది. చివర్లో "థాంక్యూ అంకుల్" అంది. ఎక్కడా తడబడలేదు. అలా తడబడకుండా ఉండడం నేర్పింది నేనే.

తర్వాత ప్రిన్సిపాల్ మేడం వచ్చి అన్న పక్కనే కింద కూర్చుంది. చాలాసేపు తెలుగులో మాట్లాడింది. పిల్లలున్నారా అని అడిగింది.

"ఒక బిడ్డ, ఒక కొడుకు మేడం. బిడ్డ మంచిగ చదువుతది."

బిడ్డ పక్కనే నిలబడి ఉంది. నేను కాస్త దూరంలో, మిగతా తండ్రులతో కలిసి చప్పట్లు కొట్టాను.

తిరిగి వస్తుంటే నయాపూల్ వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. పాప బడి బస్సులో వెళ్లింది, అన్న బండి మీద నా వెనక కూర్చున్నాడు.

"వాళ్లు తెలుగు మంచిగనే మాట్లాడుతున్నరు గదరా."

"ఆఁ."

"మేడం నాతోని మస్తు సేపు మాట్లాడింది. గప్పుడు ఇంగ్లీషే గావాలన్నరంటివి?"

అప్పుడు చెప్పాల్సింది. అతని మొహం నాకు కనిపించదు, నా మొహం అతనికి కనిపించదు. నిజం చెప్పడానికి ఇంతకన్నా సులువైన చోటు దొరుకుతుందా?

"గప్పుడు వేరేటోళ్లుండె అన్నా. మారిన్రు."

"గట్లనా. మరి ఇగ నేను పోవచ్చునేమో, మీటింగులకు."

"ఇప్పుడెట్లన్నా? వాళ్ల లెక్కల నేనే గదా డాడీని. లొల్లైతది, పాపకే కష్టం."

"అవు, నిజమే. నేను గాజులాయన గదా" అని నవ్వాడు.

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అతనికి తెలిసిపోయిందా? తెలిసీ నన్ను వదిలేశాడా? చెబితే కోప్పడతాడని కాదు నా భయం. ఇన్నేళ్లు తనను ఆ గేటు బయట నిలబెట్టింది బడి కాదని తెలుస్తుంది. ఆ ఏళ్లు ఎక్కడినుంచి తెచ్చివ్వను? బడికి చెబితే పాప అబద్ధాలకోరు అవుతుంది. ఎటు కదిలినా ఎవరో ఒకరు దెబ్బ తింటారు. ఈ గోడలన్నీ కట్టింది నేనే, లోపల ఉన్నదీ నేనే.

మీకు చెప్పాను. నన్నేమీ అనకండి, ఓదార్పుగా కూడా. ఊపిరి కాస్త ఆడింది, అంతవరకే. ఈ శనివారం తల్లిదండ్రుల సమావేశం ఉంది. మా అన్న పేరు పిలుస్తారు. నేను లేస్తాను.