రవణమ్మ హోటలుకు నేను చేసిన సేవ

నేనొక మనిషి పొట్ట కొట్టాను. లాఠీ ఎత్తలేదు, ఎవర్నీ కసరలేదు. నవ్వుతూ, పలకరిస్తూ, తాగిన టీకి డబ్బులిచ్చి మరీ కొట్టాను. ఆ ఘనకార్యం ఏమిటో చెబుతాను, వినండి. మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

అప్పుడు నేను కొత్త కానిస్టేబుల్‌ని. ఆత్మకూరు నుంచి ఉదయగిరి వెళ్ళే దారికి కాస్త పక్కగా ఉన్న ఒక ఊరు నాకు అప్పగించారు. పేరు చెప్పను, పాపం వాళ్ళు నన్ను మరిచిపోయే ప్రయత్నంలో ఉన్నారు. ఆ ఊళ్ళో గొర్రెలు పోయినా, మోటార్లు పోయినా ఎవరూ స్టేషను గడప తొక్కరు. "జనంలో కలిసిపో. మనమంటే భయం పోవాల" అన్నారు మా ఎస్సై గారు. కలిసిపోవడానికి నేను ఎంచుకున్న చోటు రవణమ్మ హోటలు.

హోటలంటే రేకుల పంచ, కట్టెల పొయ్యి, ముందర ఒక బెంచీ. భర్త పోయాక ఆమె బతుకంతా ఆ పొయ్యి మీదే. పొద్దున్నే సగం ఊరు అక్కడ ఇడ్లీ తిని, టీ తాగి, రాష్ట్ర రాజకీయాలన్నీ తేల్చేసి పొలాలకు పోయేది. నేను యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, రోజూ ఏడింటికల్లా సరిగ్గా బెంచీ మధ్యలో కూర్చునేవాణ్ణి. మధ్యలో ఎందుకంటారా? రెండు పక్కలా జనం కూర్చుంటారని.

మొదటి రోజు మాటలు ఆగిపోయాయి. గౌరవం అనుకున్నాను. మూడో రోజుకు మనుషులే ఆగిపోయారు. కొండయ్య అనే పెద్దాయన హోటలు దాకా వచ్చి, నన్ను చూసి, ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగాడు.

"ఏం మామా, టీ తాగవా?"

"కడుపులో బాగలేదు సార్."

"సరే, రేపు తాగుదువులే."

"రేపు కూడా బాగుండదు సార్."

ఇంకో ఇద్దర్ని పిలిచాను. వాళ్ళకూ కడుపే. మీరైతే అక్కడితో గ్రహించి లేచి వచ్చేసేవారు. నేను పోలీసుని కదా, ఆధారాలన్నీ జోడించాను. ఊళ్ళో కడుపు జబ్బు పాకింది! వెంటనే ఆరోగ్య కేంద్రంలోని నర్సమ్మకు ఫోన్ చేశాను. ఆమె మందుల సంచితో వచ్చి ఇల్లిల్లూ తిరిగి, "పొద్దున ఏం తిన్నారు? రవణమ్మ హోటల్లో తిన్నారా?" అని అడిగింది. సాయంత్రానికల్లా రవణమ్మ ఇడ్లీ తింటే వాంతులేనని ఊరంతా తేలిపోయింది.

మర్నాడు పిండి గిన్నె నిండుగా అట్లాగే ఉంది.

"గిరాకీ ఎట్లుండాదక్కా?" అని అడిగాను.

"బాగుండాది సార్" అంది గిన్నె వైపు చూస్తూ.

"ఏం భయపడబాక. నేనుండా గదా!"

"అదే సార్" అంది.

అది కూడా నా తలకెక్కలేదు. ఆమెను ఎలాగైనా నిలబెట్టాలని, ఒక ఫిర్యాదుల పెట్టె తెచ్చి పంచ గుంజకు మేకులు కొట్టి తగిలించాను. కష్టం చెప్పుకోవడానికి వచ్చిన వాళ్ళు టీ కూడా తాగి పోతారని నా ఆలోచన. అక్కడ టీ తాగినవాణ్ణి, ఎవరి మీదో రాసి పెట్టెలో వేసొచ్చాడని ఊరు అనుమానిస్తుందని నాకు తోచలేదు. బస్సు కోసం పంచలో నిలబడేవాళ్ళు కూడా రోడ్డు అవతలికి, ఎండలోకి జరిగారు.

నెల తిరిగింది. పెట్టె తెరవడానికి ఎస్సై గారు వచ్చారు. ఊరి వాళ్ళను నేనే ఇళ్ళకు వెళ్ళి పిలుచుకొచ్చాను. లోపల ఒకే ఒక్క కాగితం.

"చూసినావా, నమ్మకం మొదలైంది! గట్టిగా చదువు, అందరూ వినాల" అన్నారాయన.

గొంతు సవరించుకుని చదివాను.

"అయ్యా, నా హోటలు ముందర రోజూ ఒక పోలీసాయన కూర్చుంటా ఉండాడు. మంచోడే, ఎవురి జోలికీ పోడు. కానీ ఆయన్ని చూసి ఒక్కరూ రావడం లేదు. పోలీసోళ్ళకు చెప్పుకుందామంటే ఆయనే పోలీసు. తమరు దయుంచి ఆయన్ని ఏదైనా పెద్ద కేసు మీద దూరంగా పంపించండి."

రెండో వాక్యం దగ్గరే ఆగిపోవాల్సింది. ఉత్సాహం కొద్దీ చివరిదాకా చదివేశాను. ముందు కొండయ్య దగ్గాడు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత ఊరంతా నవ్వింది. ఎస్సై గారు టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

నవ్వనిది రవణమ్మ ఒక్కతే. పొయ్యి వెనక చేతులు జోడించి నిలబడి ఉంది.

"తప్పైపోయింది సార్. స్టేషనుకు రావాల్నా?"

నవ్వులు ఆగిపోయాయి. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నెల రోజులు ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె చేతి టీ తాగి, ఆమె నన్ను చూసి భయపడుతోందని ఒక్క రోజు కూడా గమనించలేదు. "తప్పు నీది కాదక్కా, నాది" అన్నాను. అదీ గట్టిగానే వచ్చినట్టుంది, ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

ఎస్సై గారు కాగితం మడిచి నా చేతిలోనే పెట్టారు. "ఈ ఊరి నుంచి వచ్చిన మొదటి ఫిర్యాదు. నువ్వే విచారించి రిపోర్టు ఇయ్యి."

ఇచ్చాను. ముద్దాయీ నేనే, విచారణాధికారీ నేనే. అంత తొందరగా నేరం ఒప్పుకున్న ముద్దాయి నా సర్వీసులో మళ్ళీ దొరకలేదు. పెట్టె పీకేశాను, అటు వెళ్ళడం మానేశాను. వారం తిరిగేసరికి ఊళ్ళో అందరి కడుపులూ ఒక్కసారే బాగుపడ్డాయట.

కాబట్టి పాఠకులారా, టోపీ చేత పట్టుకుని మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. నాకు టీ తాగాలనిపిస్తే మఫ్టీలో కలిగిరి బస్టాండుకు పోయి, ఒక మూల నిలబడి తాగుతాను. ప్రజలకు నా మీద పూర్తిగా నమ్మకం కుదిరేదాకా వాళ్ళ కంటికి కనబడనే కనబడను.