మాస్టారు మింగేసిన చీటీ

పక్కింటి మాస్టారు పోయారని వాళ్ళమ్మాయి పొద్దున్నే తలుపు కొట్టి చెప్పింది. వెంటనే నమ్మలేదు నేను. ఆయన చెప్పిన మాటైనా, ఆయన గురించి విన్న మాటైనా రెండోసారి అడిగితే గానీ నమ్మకపోవడం నాకు పన్నెండేళ్ళ అలవాటు. వెళ్ళి చూశాను. కుర్చీలోనే ఉన్నారు. ఒళ్ళో పుస్తకం, చదువుతున్న చోట వేలు.

దేశం కాని దేశంలో, శాండ్రింగ్‌హామ్ అనే పేటలో మావి పక్కపక్క ఇళ్ళు. ఆయన ఫిజీలో బడిపంతులుగా చేసి, రిటైరై వచ్చారు. నేను లేతు మిషను మీద బతికినవాణ్ణి, బడి చదువు ఎనిమిదితో సరి. మిగతాదంతా లైబ్రరీ పెట్టిన భిక్ష. మా ఇద్దర్నీ కలిపినవి గ్రీకుల పాత యుద్ధగాథలు. ఇంగ్లీషులో చదివి తెలుగులో తగువులాడుకునేవాళ్ళం.

ఆ కథల్లో ఒక పద్ధతి ఉంది. శత్రువుతో ఒంటరిగా ఎవరు తలపడాలో తేలకపోతే వీరులు తలా ఒక గుర్తు ఇనపటోపీలో వేసి ఊపుతారు. ఎవరిది ఎగిరి బయటపడితే వాడిది వంతు. దేవుడే ఎంచాడంటారు. మనవాళ్ళు పటం ముందు చీట్లు వేసి తీయించినట్టే.

"ఊపినవాడి మణికట్టు ఎవరైనా చూశారా మాస్టారూ?" అన్నాను.

"దేవుడి మీద కూడా డౌటేనా భాయ్ నీకు?"

"దేవుడి మీద కాదండీ, టోపీ పట్టుకున్నవాడి మీద."

పగలబడి నవ్వారు. "అనుమానం కూడా చదువే భాయ్" అన్నారు. మా ఇంట్లో అందరూ దాన్ని రోగం అనేవారు. చదువన్నది ఆయనొక్కరే.

ఇంకో వీరుడికి తల్లి ముందే చెబుతుంది. ఉండి పోరాడితే పిన్న వయసులో చావు, పెద్ద పేరు. ఇంటికి పోతే నిండు నూరేళ్ళు, పేరుండదు. "చూశావా, చాయిస్ ఉంది" అంటారు మాస్టారు. "ఆ రెండే ఎందుకున్నాయో అడగండి" అంటాను నేను. దాని మీదే రెండు చలికాలాలు నడిచాయి. మాటల మధ్యలో ఆయన తాతగారు వచ్చి పడేవారు. గోదావరి పక్కనుంచి బయల్దేరి, ఏదో కూలీ ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి, ఓడెక్కి ఫిజీ చెరుకుతోటల్లో తేలిన మనిషి. "తలరాత అనేవాడు తాత. వేలిముద్ర అంటాను నేను" అనేవారు మాస్టారు. ఆ వేలు పట్టుకుని అద్దించినవాడెవడో కనుక్కోమనేవాణ్ణి.

సరే, అసలు సంగతికి వస్తాను. పోయినేడు డాక్టర్లు గుండె కవాటం మార్చాలన్నారు. చేయిస్తే ఇంకా చాన్నాళ్ళు ఉండొచ్చు, లేదా ఆపరేషన్ బల్ల మీదే ఆఖరు. చేయించకపోతే ఏడాదికి మించి కష్టం. చేయించమని అమ్మాయి ఐప్యాడ్‌లో వీడియోలు చూపించి బతిమాలింది. తల్లి ఎప్పుడో పోయింది, ఆమెకున్నది ఆయనే.

ఒక ఆదివారం నన్ను పిలిచారు. బల్ల మీద ఎండటోపీ, అందులో మడిచిన చీట్లు రెండు.

"ఆపరేషన్ చెయ్యి అని ఒకటి, వద్దు అని ఒకటి. నువ్వు తియ్యి భాయ్."

"నేనెందుకండీ?"

"అందర్నీ అనుమానించేవాడు తను మోసం చెయ్యడు. దొరికిపోతానని భయం."

"డాడీ, దిస్ ఈజ్ స్టుపిడ్" అంటూనే ఉంది అమ్మాయి గుమ్మంలోంచి. టోపీ ఊపాను. తీశాను. వద్దు.

"ఎందుకు తీశారంకుల్ మీరు?" అని ఏడుస్తూ లోపలికి వెళ్ళిపోయింది.

నాకు రావలసిన అనుమానం రానే వచ్చింది. "రెండోది చూపించండి" అన్నాను. మాస్టారు తొందరపడలేదు. చీటీ తీసి, నోట్లో వేసుకుని, టీతో మింగేశారు.

"ఇప్పుడు చెప్పు. ఫేటా, ఫ్రీ విల్లా?"

నవ్వలేదు నేను. ఏడాది పొడుగునా అడిగాను. తిట్టాను కూడా. "టోపీ పట్టుకుంది నువ్వే కదా" అనేవారు.

దినాలయ్యాక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కూర్చోలేదు.

"అంకుల్, నిజం చెప్పండి. రెండు చీట్లూ వద్దేనా? నాతో ఉండాలని లేదా డాడీకి?"

రెండూ వద్దే అయితే ఆయనే వెళ్ళిపోదామనుకున్నట్టు. అలా కాకపోతే, అది నా చెయ్యి చేసిన పని. నాకు తెలియదన్నదే నిజం. రెండూ వద్దేనన్నది నా గట్టి అనుమానం.

"కాదమ్మా. రెండోదాంట్లో చెయ్యి అనే ఉంది. మింగే ముందు నాకు చూపించారు. నా చేతికి రాలేదు, అంతే."

ఆమెకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఆ ధైర్యంతోనే ఇక్కడ రాస్తున్నాను. తెలిసినవాళ్ళెవరూ చదివి వినిపించకండి.

ఇప్పుడు వాళ్ళ పెరట్లో ఫీజోవాలు రాలుతున్నాయి. పచ్చటి జామపిందెల్లా ఉంటాయి. ఇక్కడ ఎవరింట కాసినా చుట్టుపక్కల పంచుతారు. పొద్దున్నే ఆమె ఐస్‌క్రీమ్ డబ్బా నిండా నింపి తెస్తుంది. నేను చెయ్యి చాస్తాను. ఆమె డబ్బాను ఆ చేతిలో కాక కంచె గుంజ మీద పెట్టి, పడిపోకుండా ఒకసారి సరిచేసి, లోపలికి వెళ్ళిపోతుంది.