మూడు సెకన్ల గైర్హాజరు

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయన సెలవు చీటీల మీద తప్ప మరెక్కడా కనిపించేది కాదు. ఆఫీసంతా ఆయన్ని ఆగండిగారు అనేది. ఎవరు ఏం అడిగినా "ఒక్క క్షణం ఆగండి" అని, కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని అప్పుడు జవాబు చెప్పేవారు. లిఫ్టు తలుపులు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టి, వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూసేవారు. సాధారణంగా ఎవరూ వచ్చేవారు కారు. లోపలున్నవాళ్లు పళ్లు నూరుకునేవారు. ఆయన పోయి మూడేళ్లయినా ఆ లిఫ్టులో ఇప్పటికీ ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెడుతూనే ఉంటారు. ఎందుకో కొత్తవాళ్లకు తెలియదు.

ఆయన పని పెద్ద కంప్యూటర్లకు డ్రైవర్లు రాయడం. అంటే యంత్రానికీ దాని లోపలి కార్డులకూ మధ్య మాట కుదిర్చే ప్రోగ్రాములు. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి మావగారికి అరగంటసేపు విడమరిచి చెప్పారు. ఆయన శ్రద్ధగా విని, అయితే సొంత బండి ఎప్పుడు కొంటున్నావని అడిగారు.

ఆ యంత్రాలు రాత్రీ పగలూ నడవాలి. వాటిలో అరల నిండా కార్డులుంటాయి. ఎప్పుడో ఒకప్పుడు ఒక కార్డు తప్పులు పుట్టించి సొమ్మసిల్లుతుంది. అప్పుడు ఆగండిగారి ప్రోగ్రాము లేచి, ఆ కార్డుతో పనున్న వాళ్లందరినీ ఆగమంటుంది. కార్డుకి దారి తెంపి, మళ్లీ కలిపి, తెలివి రాగానే ఇక కానివ్వండి అంటుంది. దానికి ఆయన పదేళ్లు ధారపోశారు.

ఎదుటి బల్ల దగ్గర కూర్చునే ఇంజనీరుని ఆయన చెల్లెమ్మా అనేవారు. చుట్టరికమేమీ లేదు, ఎదురుబొదురు కూర్చుని పదేళ్లు పోట్లాడుకున్న బంధుత్వం. యంత్రం నడుస్తుండగానే కార్డుని ఊడదీసి ఇంకోటి పెట్టుకునే ఏర్పాటు ఆవిడది. కార్డు కనబడకపోతే దాని తాలూకు సమస్తం క్షణంలో ఊడ్చేసేది ఆ ప్రోగ్రాము. మనిషీ అంతే. ఆవిడ బల్ల మీద ఖాళీ కప్పు రెండు నిమిషాలుండదు. ఒకసారి ఆగండిగారి సగం తాగిన కాఫీ కూడా కడిగి బోర్లించింది.

ఒక సోమవారం రెండు ప్రోగ్రాములూ ఢీకొన్నాయి. ఆగండిగారిది తెలివి తెప్పించడానికి కార్డు దారి తెంపింది. దారి తెగ్గానే, కార్డుని ఎవరో ఊడబెరికారనుకుని చెల్లెమ్మది మొత్తం ఊడ్చిపారేసింది. మూడు సెకన్లకి కార్డు కళ్లు తెరిస్తే తనదంటూ ఏమీ మిగల్లేదు. యంత్రం గుడ్లు తేలేసింది.

కొనేవాళ్ల తరఫు పరీక్షకురాలు శుక్రవారం వస్తుంది. సెక్షన్ పెద్దాయన ఇద్దర్నీ పిలిచి సూటిగా చెప్పేశారు. శుక్రవారం పరీక్షలో తేడా వస్తే సోమవారం ఇద్దరి పనిలో ఆగండిగారి సగం తీసేస్తారు. తప్పు చేసిన కార్డుని ఊడిపోయిన కార్డుగానే చూస్తారు. ఆగండిగారి రిటైర్మెంటుకి ఇంకా నాలుగు నెలలుంది. ఆయన కళ్లజోడు రెండుసార్లు తుడుచుకున్నారు.

బయటికొచ్చాక చెల్లెమ్మ, తన వాదనే గెలిచిందని ఎగతాళి చేస్తుందనుకున్నారు. ఆవిడ అదేం చెయ్యలేదు. కుర్చీ ఆయన బల్ల దగ్గరికి లాక్కుని, ఎక్కడ మొదలుపెడదామంది.

బుధవారానికల్లా, ఆయన ప్రోగ్రాము పనిలో ఉన్నంతసేపు ఆవిడది చేతులు కట్టుకు నిలబడేలా చేశారు. కార్డు మూర్ఛపోయింది, లేచింది, పని సాగింది. ఆగండిగారు కుర్చీలో వెనక్కి వాలబోయేలోపు చెల్లెమ్మ ల్యాబులోకి వెళ్లి, కార్డు మూర్ఛలో ఉండగా ఊడబెరికి, ఆ అరలోనే అదే రకం కార్డు ఇంకోటి దూర్చింది. ఆయన ప్రోగ్రాము దాన్నే పాతదనుకుని, పాతదాని పనంతా దానికి అప్పజెప్పింది. ఒక కార్డుకి పోవాల్సిన సమాచారం మరో కార్డులో పడింది.

"ఎవరొచ్చినా మావాడే అని కావలించుకుంటున్నాడు మీవాడు," అంది చెల్లెమ్మ.

"మరి మీవాడో? కునుకు తీస్తే పాడె కడతాడు."

ఇద్దరూ నవ్వారు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన భార్య భోజనాల బల్ల మీద హాజరు పట్టీ సరిచూసుకుంటోంది. ఆవిడ స్కూల్లో టీచరు. ఈయన కంచం ముందు కూర్చుని, కూర చల్లారిపోతున్నా పట్టించుకోకుండా గోడంతా వెళ్లబోసుకున్నారు. ఆగితే దొంగకి తలుపు తీసినట్టవుతోంది, ఆగకపోతే మనవాణ్ణే బయటికి గెంటినట్టవుతోంది అన్నారు.

ఆవిడ తలెత్తకుండానే, "నా క్లాసులో పిల్ల మంచినీళ్లకెళ్తే పేరు కొట్టేస్తానా? కొట్టెయ్యను. అలాగని ఎవరో వచ్చి ఆ చోట్లో కూర్చుంటే, ఆ పిల్లే అనుకుంటానా? మొహం చూస్తాను. గంటసేపు రాకపోతే అప్పుడు వెతుకుతాను. దీనికింత గొడవేంటండీ, ముందు తినండి," అంది.

ఆయన తినలేదు. ఒక్క క్షణం ఆగమని చెప్పి లేచి, అన్నం కలిపిన చేత్తోనే చెల్లెమ్మకి ఫోను చేశారు.

ప్రతి కార్డు మీదా తయారైన రోజునే పడ్డ నంబరు ఒకటుంటుంది. ఏ రెండు కార్డులకీ ఒకే నంబరుండదు. గురువారం ఇద్దరూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. కార్డు మాయమైతే చెల్లెమ్మ ప్రోగ్రాము చీపురు పట్టకుండా నాలుగు సెకన్లు ఆగాలి. కార్డు తిరిగొస్తే ముందు నంబరు అడగాలి. పాతదే అయితే పని సాగాలి, కాకపోతే కొత్త చుట్టంలా మొదటినుంచీ మర్యాద. నాలుగు సెకన్లు దాటితే ఊడ్చెయ్యడమే. ఆ ఆఖరి షరతు మీద ఆగండిగారు పది సెకన్లు అడిగారు, చెల్లెమ్మ రెండన్నది. మధ్యాహ్నం దాకా బేరమాడి నాలుగు దగ్గర దిగారు.

శుక్రవారం పరీక్షకురాలు వచ్చింది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని, పలకరింపుల జోలికి పోకుండా నేరుగా ల్యాబులోకి నడిచింది. ఫ్యాన్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినిపించడం లేదు. ఆవిడ ఒక కార్డుని మూర్ఛలో పడేసి, ఊడదీసి, ఇంకోటి దూర్చింది. యంత్రం నంబరు అడిగి, నువ్వు కొత్తదానివని పక్కన కూర్చోబెట్టింది. ఆవిడ కాగితం మీద టిక్కు పెట్టింది.

తర్వాత అన్నిటికన్నా పాత కార్డుని ఎంచుకుంది. దాన్ని మూర్ఛలో పడేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. కార్డు మీది పచ్చదీపం ఆరిపోయింది. తెరమీద ఒక పెద్ద ఫైలు కాపీ అవుతూ అక్కడే నిలిచిపోయింది. ఒక సెకను. రెండు. కొత్త కార్డులైతే ఈపాటికి లేచేవి. మూడు. పరీక్షకురాలు కాగితం మీదికి వంగింది. పెద్దాయన ఆగండిగారి వైపు చూశారు. ముప్పయ్యేళ్లు ఒకే మాట అన్న మనిషికి ఆ క్షణాన ఆ మాటే గొంతు దాటలేదు.

"ఆగండి!" అంది పక్కనుంచి చెల్లెమ్మ, ఫ్యాన్లను మించిన గొంతుతో.

పరీక్షకురాలి కలం గాల్లో నిలిచింది. పచ్చదీపం వెలిగింది. ఆగిన చోటినుంచే ఫైలు కదిలింది, ఒక్క అక్షరం పోకుండా. ఆవిడ కాగితం మీద మొదలెట్టిన సగం గీతని టిక్కుగా మార్చి, పేజీ తిప్పింది.

సోమవారం ఎవరి సగమూ తియ్యలేదు.

ఆ శుక్రవారం ల్యాబునుంచి బయటికొస్తూ ఆగండిగారు లిఫ్టు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి, చెల్లెమ్మ వచ్చేదాకా నిలబడ్డారు.

"ఇందాక ఏదో అన్నావు?"

"నేనా? నేనేం అన్లేదన్నయ్యా. దగ్గొచ్చింది."