సక్కుబాయి పడుకోబెట్టిన తీగ

ఇంటర్నెట్ ఎక్కడుంటుందని అడిగితే శంషాబాద్ చుట్టుపక్కల అందరూ తల పైకెత్తుతారు. కొందరు టవర్ వైపు చూపిస్తారు, కొందరు విమానాల వైపు, ఇంకొందరు విమానాలకు కూడా అందని ఎత్తుకు. సక్కుబాయి ఒక్కతే కిందికి చూస్తుంది. చెప్పు మడమతో నేలను మెల్లగా తట్టి, "గీడ పండుకున్నది. నేనే పండవెట్టిన" అంటుంది, పసిదాన్ని జోకొట్టి ఇప్పుడే బయటికి వచ్చిన తల్లిలాగా.

ఆ మాట విన్నప్పుడల్లా ఇందిరమ్మ చాయ్ హోటల్ దగ్గర నవ్వులు లేస్తాయి. తుక్కుగూడ నుంచి శంషాబాద్ వైపు వచ్చే రోడ్డు పక్కన ఉంటుంది ఆ హోటల్. ఎయిర్‌పోర్టు బుకింగుల కోసం కాచుకునే క్యాబ్ డ్రైవర్లకు అదే నీడ, అదే కచేరీ. వాళ్లందరిలో జగన్ నోరు పెద్దది.

"సక్కక్కా, చలికాలం వస్తున్నది. నీ ఇంటర్నెట్‌కు చద్దరు కప్పినవా మరి?"

"కప్పిన రా. నడుములోతు మట్టి కప్పిన. నీకు గూడ కప్పాల్నా?"

సక్కుబాయి చెప్పేది అబద్ధం కాదు. విమానాశ్రయం ఇంకా పిల్లర్లుగా, ఎర్రమట్టి కుప్పలుగా ఉన్న రోజుల్లో ఆమెకు నలభై రెండేళ్లు. అప్పటిదాకా కంకర మిషన్ దగ్గర రాళ్లు మోసేది. పాండు మేస్త్రి ముఠాలో చేరి, ఈ రోడ్డు పొడుగునా కేబుల్ కాలువ తవ్వింది. తవ్విన కాలువలో నల్లటి గొట్టం పరిచారు. గొట్టంలో గాజుతీగ, వెంట్రుక కన్నా కొంచెం బలిసింది. దాంట్లో ఏం పోతుందని అడిగితే, పాండు మేస్త్రి బీడీ ఆర్పి, చుట్టూ చూసి, "ఎల్తురు" అన్నాడు.

"ఎల్తురును బొందవెడ్తరా ఎవరన్న? అదేమన్న సచ్చిందా మేస్త్రీ?"

"సావలే. పండుకోనే ఉరుకుతది."

ఆ రోజు నుంచి ఆమె మట్టిని పారతో కొట్టకుండా చేతులతో సర్దింది. మధ్యాహ్నం సద్ది తిన్నాక ఎవరూ చూడకుండా నేలకు చెవి ఆనించి విన్నది. చీమల నడక లాంటిదేదో తప్ప చప్పుడు లేదు. లోపల ఎవరి ముచ్చట వాళ్లకుంటుంది, మనం వినేది కాదులే అనుకొని, చెవికంటిన మట్టి దులుపుకొని లేచింది.

తరువాత రోడ్డు వెడల్పయింది. విమానాలు దిగాయి. సక్కుబాయి ఇంటికి కూడా ఒక ఫోను వచ్చింది, దాంట్లో వంటల వీడియోలు వచ్చాయి. కాలువ తవ్విన చేతులు పూల మడి పట్టాయి. హోటల్‌కు కొంత దూరంలో, రోడ్డుకూ ప్లాట్ల కంచెకూ మధ్య మిగిలిపోయిన సర్కారు జాగాలో ఆమె ఏటా బంతి నారు పోస్తుంది. ఆ జాగాకు ఆమె దగ్గర కాగితం లేదు. ఉన్నదల్లా పూసే పూలు. ఏడాదికి ఒక్క పంట, అది బతుకమ్మకు చేతికి రావాలి. ఈసారి సద్దుల బతుకమ్మకు ఇంకా నాలుగు రోజులుందనగా మడి నిండా పసుపు, నారింజ ఒకదాన్నొకటి తోసుకుంటూ విచ్చుకున్నాయి. దూరం నుంచి చూస్తే ఎవరో ఎండను మడత పెట్టకుండా వదిలేసి పోయినట్టుంది.

సరిగ్గా ఆ పొద్దుననే ఇంటర్నెట్ పోయింది.

ఫోన్లలో గుండ్రటి గుర్తు తిరుగుతూనే ఉంది. బుకింగులు రాలేదు. ఇందిరమ్మ గల్లా మీది స్కాన్ బొమ్మ ఉట్టి బొమ్మై కూర్చుంది. దారి చెప్పే మ్యాపు లేక, వరంగల్ నుంచి విమానమెక్కడానికి వచ్చిన ఒక కుటుంబం హోటల్ ముందే మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. మూడోసారి జగన్ చేతితో దారి చూపించి, "ఇగ నేనే మ్యాపును" అని కాలర్ ఎగరేశాడు.

పది గంటలకు కేబుల్ కంపెనీ వ్యాను వచ్చింది, వెనకాల జేసీబీ. వ్యానులోంచి ఇంజనీర్ ప్రియదర్శిని దిగింది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, బెజవాడ మాట, చేతిలో ల్యాప్‌టాప్. ఆమె వెంట సూపర్‌వైజర్ శేఖర్, అతని వెంట పారలతో ఇద్దరు మనుషులు. హోటల్ పక్కన సిమెంటు మూత తీసి, గుంతలోని తీగకు చిన్న పెట్టెలాంటి మిషన్ తగిలించారు. ఇక్కడి నుంచి రెండు వందల పది మీటర్ల దగ్గర తీగ తెగిందని మిషన్ చెప్పింది. శేఖర్ మ్యాపు చూసుకుంటూ, టేపు లాక్కుంటూ నడిచాడు. రెండు వందల పదో మీటరు బంతి మడి నడిమధ్యకు వచ్చింది. అక్కడ పూల మీదనే గుప్పెడు సున్నం చల్లాడు.

సక్కుబాయి మడిలోనే ఉంది. సున్నం పడిన పువ్వును చూసింది, ఆ వెనక పళ్లు తెరుచుకొని నిలబడ్డ జేసీబీని చూసింది.

"ఏంది తమ్మీ గిది?"

"తవ్వాలె అక్కా. కింద కేబుల్ తెగింది. సర్కారు జాగ గదా, నీకేమన్న కాయితమున్నదా?"

"కాయితం లేదు. అకల్ ఉన్నది, గీ తలకాయల. గీడ తెగలే."

"మిషన్ చెప్తున్నది."

"మిషన్ తవ్విందా కాల్వ? నేను తవ్విన."

డ్రైవర్లంతా హోటల్ వదిలి మడి గట్టుకు చేరారు. బుకింగులు లేని పొద్దున ఇంతకన్నా మంచి తమాషా ఎక్కడ దొరుకుతుంది! జగన్ ఈల వేశాడు. ప్రియదర్శిని ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. తెర మీద నీలం గీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా, హోటల్ నుంచి మడి దాకా వచ్చింది.

సక్కుబాయి ఆ గీతను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

"గిది పాండు మేస్త్రి గీతనే. ఆఫీసుల కూసోని గీసిండు, సక్కగ. భూమిల మాత్రం సక్కగ లేదు బిడ్డా. హోటల్ దాటినంక ఒక వంపున్నది."

"వంపు ఎందుకండి? అక్కడ బండ కూడా లేదు కదా?"

"కుక్క ఈనింది."

గట్టు మీద నవ్వులు పేలాయి. సక్కుబాయి ఆగలేదు. కాలువ అక్కడి దాకా వచ్చేసరికి, సరిగ్గా దారిలో ఒక ఊరకుక్క ఆరు పిల్లల్ని పెట్టుకొని పడుకుంది. కళ్లు తెరవని పిల్లలు. పార పట్టుకొని దగ్గరికి పోతే పళ్లన్నీ చూపించేది. మగవాళ్లు కట్టెలు తెచ్చారు, ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. ఈనినదాన్ని లేపేది లేదు, కాలువనే తిప్పండి అన్నారు. కుక్క కోపం ఎంత దూరం ఉంటే కాలువ అంత దూరం జరిగింది, మళ్లీ చుట్టూ తిరిగి దారిలోకి వచ్చింది. వంకర గీస్తే పైవాళ్లు తిడతారని మేస్త్రి కాగితం మీద తిన్నగా గీసిచ్చాడు.

"అంటే ఇంటర్నెట్ కుక్కకు భయపడి పక్కకు జరిగిందా సక్కక్కా?" అన్నాడు జగన్.

"నువ్వైతె బండి ఇడిసి ఉరుకుతుంటివి."

ప్రియదర్శిని నవ్వలేదు. వంపు నిజమైతే తీగ అక్కడ కొంత ఖర్చయిపోయి ఉంటుంది. అప్పుడు రెండు వందల పది మీటర్ల తీగ ఈ మడి దాకా రాదు, అంతకు ముందే ముగుస్తుంది.

"వంపులో ఎంత పోయి ఉంటుందమ్మా?"

"పన్నెండు బారలు. ఆ వంపుకని ముగ్గురం ఒక రోజంత ఎక్కువ తవ్వినం, మనిషికి నాల్గు బారలు."

రెండు చేతులూ చాపితే ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా ఒక బార. ఆ ముఠాకు అదే టేపు. సక్కుబాయి పూలు కట్టే పురికొస తెచ్చి, చేతులు చాపి పన్నెండు బారలు కొలిచింది. సున్నం గుర్తు నుంచి హోటల్ వైపు ఆ పురికొస పరిచి, చివర పడిన చోట పచ్చగడ్డి మీద నిలబడింది.

"గీడ తవ్వుండ్రి. లేకపోతె నా మడి తవ్వుకోండ్రి, నేనే పార పట్టుకొస్త."

శేఖర్ గొణిగాడు. ప్రియదర్శిని గడియారం చూసుకొని, "అరగంట" అంది. ఇద్దరు మనుషులు పారలతో దిగారు. జేసీబీ డ్రైవరు చాయ్‌కి పోయాడు.

తవ్వుతున్నంతసేపూ జగన్ ఊరుకుంటాడా? "మేడం, మీరే చెప్పుండ్రి. ఇంటర్నెట్ పైనుంచే గదా వచ్చేది?"

"పైనుంచి వచ్చేది చాలా తక్కువండి. సముద్రం అడుగున కూడా తీగలే. అక్కడి నుంచి ముంబైకో చెన్నైకో వచ్చి, మళ్లీ నేల కింద ఇక్కడిదాకా. మీ టవర్‌కి కూడా కింద తీగే."

సక్కుబాయి జగన్ వైపు తిరిగింది. కొంగు నడుములో దోపుకొంది, అంతే. అది చాలా పెద్ద మాట.

"మరి పుట్టిందెక్కడ మేడం?" జగన్ మాట మార్చాడు.

"అమెరికాలో. యాభై ఏళ్లు దాటింది. రెండు ఊళ్లలో రెండు కంప్యూటర్లు, మధ్యలో టెలిఫోన్ తీగ. ఇటు నుంచి ఒక మాట పంపబోయారు. రెండక్షరాలు వెళ్లాయి, మూడోది పోకుండానే అవతలి మిషన్ పడిపోయింది."

"నత్తితోనే పుట్టిందన్నట్టు," అంది సక్కుబాయి జాలిగా.

"ఆ తరువాత రెండేళ్లకు ఈమెయిల్. ఒకాయన, పక్కపక్కనే ఉన్న రెండు మిషన్ల మధ్య తనకు తానే ఉత్తరం పంపుకున్నాడు. అందులో ఏం రాశాడో ఆయనకే గుర్తులేదట."

"గుర్తులేకేం! ఇంట్లదాన్ని ఏదో అని ఉంటడు. చెప్పనీకె మొఖం చెల్లలే."

ప్రియదర్శిని మొదటిసారి గట్టిగా నవ్వింది. దుకాణాలు, సినిమాలు, బండి బుకింగులు, దారి చెప్పే మ్యాపులు, అన్నీ తరువాత ఒక్కొక్కటే ఆ తీగ మీదికి ఎక్కాయని చెప్పింది. అంతమంది ఎక్కితే తెగదా మరి అని సక్కుబాయి అడుగుతుండగానే గుంతలోంచి కేక వచ్చింది. గొట్టం దొరికింది.

అందరూ వంగి చూశారు. నల్లటి గొట్టం, మట్టి అంటిన నిద్రమొహంతో. ఎక్కడా గాటు లేదు, చీలిక లేదు. అటూ ఇటూ తవ్వి తడిమారు. నిక్షేపంగా ఉంది.

"గొట్టం గీడ ఉంటదని మ్యాపు గూడ చెప్తది అక్కా," శేఖర్ చేతులు దులుపుకున్నాడు. "తెగిన జాగ గిది కాదు. ఇగ మడిలకు పోదాం." జేసీబీ డ్రైవరు గ్లాసు పెట్టేసి లేచాడు. ఇంజను గుర్రుమంది. డ్రైవర్లలో ఎవరూ నవ్వలేదు, జగన్ కూడా.

సక్కుబాయి పురికొసను చూసింది. వంపు అబద్ధం కాదు. పన్నెండు అబద్ధం కాదు. మరి ఏది తప్పింది? మళ్లీ చేతులు చాపింది. కుడిచెయ్యి చివరిదాకా పోయింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంగి ఆగింది. మూడేళ్ల కింద బాత్రూంలో జారిపడితే విరిగిన చెయ్యి. దవాఖానలో అతికించారు గాని మళ్లీ పూర్తిగా తెరుచుకోలేదు. ఆమె భుజాలను చూసుకుంది. అరవై దాటిన వీపు, ముందుకు ముడుచుకున్న వీపు.

"ఆగుండ్రి!" అని జేసీబీకి అడ్డంగా పరుగెత్తింది. "బార మారింది! తవ్విననాడు నా బార పొడుగుండె. గిప్పుడు గుంజుకపోయింది."

"నావి కొలువు సక్కక్కా," జగన్ చేతులు చాపాడు.

"నీయి కోతి చేతులు. పెడితే తుక్కుగూడల తేలుతయి." ఆమె చూపు మనుషులందరి మీదా తిరిగి ప్రియదర్శిని దగ్గర ఆగింది. దగ్గరికి పోయి, భుజం మీద చెయ్యి వేసి, వెనక్కి తిప్పి, వీపు చూసింది. "గీ ఎత్తే. గీ భుజాలే. నేను గిట్లనే ఉంటుంటి బిడ్డా. చేతులు సాపు."

ల్యాప్‌టాప్ శేఖర్ చేతిలో పెట్టి ప్రియదర్శిని చేతులు చాపింది. పురికొసను ఒక చేతి నుంచి ఇంకో చేతికి సాగదీశారు. ఆ అమ్మాయి చేతులు తెరుచుకున్న ప్రతిసారీ సక్కుబాయికి ఎక్కడో పాత ఎండ తగిలింది, పార పిడి నున్నదనం తగిలింది. ఒకటి, రెండు, మూడు. గట్టు మీద డ్రైవర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. "పన్నెండు!" అని అందరూ ఒక్కసారి అరిచారు.

ఈసారి పురికొస గుంతను దాటి ఇంకో నాలుగడుగులు పోయింది. అక్కడ గడ్డి కింద పిడికిలి పట్టే బొరియ. పార రెండుసార్లు పడగానే పందికొక్కు ఒకటి ఎగిరి జగన్ కాళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. జగన్ ఎగిరి జేసీబీ మెట్టెక్కాడు. ఇంకా లోతుకు తవ్వితే, బొరియ అడుగున కొరికిన నల్ల గొట్టం, తెగిన గాజుతీగ, వాటి కింద మెత్తగా పరిచిన బంతి రేకులు, వాడినవీ కొత్తవీ.

"నా మొగ్గలు కొరికేది గిదేనా!" సక్కుబాయి బొరియలోకి తొంగిచూసింది. "పరుపు మంచిగనే ఏసుకున్నది దొంగది."

జేసీబీ ఇంజను ఆగింది. ప్రియదర్శిని గుంత పక్కన చాప వేసుకొని కూర్చొని, తీగ కొసలు రెండూ తుడిచి, అతికించే చిన్న మిషన్‌లో ఎదురెదురుగా పెట్టింది. చిన్న మెరుపు మెరిసింది. కాసేపటికి ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. జగన్ చాయ్ సగంలో వదిలి బండి వైపు ఉరికాడు.

సక్కుబాయి మడిలోకి పోయి సున్నం పడిన పూలు ఏరి పక్కన పెట్టింది. మూడే పాడయ్యాయి. అప్పుడు ప్రియదర్శిని గట్టు మీదికి వచ్చి ల్యాప్‌టాప్ చూపించింది. నీలం గీతకు ఇప్పుడు పక్కకు ఒక బొజ్జ వచ్చింది.

"మార్చానమ్మా. ఇక ఎవరూ మీ మడి తవ్వరు."

"రేపు ఇంకొకటి తెగితె? నువ్వుండవు, ఇంకొకరొస్తరు. గీ బొజ్జ సంగతి ఆళ్లకేం తెలుస్తది?"

ప్రియదర్శిని బొజ్జ పక్కన ఒక మాట రాసింది. "తవ్వే ముందు సక్కుబాయిని అడగాలి." ఫోన్ నంబరు అడిగి అది కూడా చేర్చింది.

"గిది ఎవరెవరికి కనవడ్తది?"

"మా కంపెనీలో లైన్ పని చేసేవాళ్లందరికీ. రెండు మూడు వేల మంది ఉంటారేమో."

సక్కుబాయి మడి వైపు చూసింది, మళ్లీ తెర వైపు చూసింది.

"అయితె గీడ బంతిపూలు దొరుకుతయని గూడ రాయి బిడ్డా. సద్దులకు నాల్గు రోజులే ఉన్నది."

ప్రియదర్శిని శేఖర్ వైపు చూసింది. శేఖర్‌కు ఉన్నట్టుండి జేసీబీ టైర్లలో గాలి చూడాల్సిన పని గుర్తొచ్చింది. ఆమె గబగబా రాసేసింది.